ఇసే-షిమా యాత్ర: మూడు దినములకు తగిన ఏర్పాటు

(మన సంఘపు మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



జపాను దేశమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను మొదట సంకోచించితిని. ఆ దేశమును గూర్చి సమగ్రముగ చెప్పుటకు నేను పండితుడను గాను. ఆ భాష నాకు రాదు. రెండు మారులు పోయి వచ్చిన యాత్రికుడను మాత్రమే. అయినను మన కుటుంబములలోని పిల్లలు కొందరు నేడు తోక్యో, ఒసాకా, నగోయా నగరములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులు, పిల్లలకు సెలవు దొరకు మూడు దినములలో ఎక్కడికి పోవచ్చునని అడుగుచున్నారు. గత మాసము ఇద్దరు పెద్దలు మా యింటికి వచ్చి ఇదే ప్రశ్న వేసిరి. ఒక్కొక్కరికి విడివిడిగ చెప్పుటకంటె అందరికి ఒక్కమారు చెప్పుట మేలని తోచినది.

నేను చెప్పబోవునది ఇసే-షిమా అను ఒక్క ప్రదేశమును గూర్చియే. దేవాలయము, సముద్రము అచట పక్కపక్కనే ఉన్నవి. ఆ రెంటికిని నడుమ ఉన్న సంబంధము తెలిసినచో యాత్రను ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో దానంతట అదియే తేలును. ఆ సంబంధమును తెలిసికొనక పోయిన వాడనగుటచే, మొదట నా తప్పును చెప్పి పిమ్మట విషయమునకు వచ్చెదను.

2017వ సంవత్సరమున మా అక్కయ్యతో కూడి ఒసాకాలోనున్న మా మేనల్లుని యింటికి పోయితిని. అక్కయ్యకు అప్పటికే డెబ్బది యేండ్లు దాటినవి, మోకాళ్ల నొప్పి కలదు. నాకు రెండు దినములు చేతిలో ఉన్నవి. నేను కాగితము మీద వరుసగ వ్రాసికొంటిని: ఇసే దేవాలయము, తోబా, కషికోజిమ, అచటినుండి దక్షిణమునకు కుమనో, నచి జలపాతము. పటములో అవి యన్నియు ఒకే ద్వీపకల్పమున ఉన్నవి గదా యని నా లెక్క. పటములో జానెడు దూరము రైలులో మూడు గంటలకు పైగా పట్టునని అచటికి పోయిన పిమ్మట తెలిసినది. ఇసేలో దిగునప్పటికి మధ్యాహ్నమైనది. ముందు చూడవలసిన గుడిని విడిచి పెద్దగుడికి పరుగెత్తితిమి. దేవాలయపు దారులన్నియు గులకరాళ్లతో నిండియున్నవి. వంతెన దాటిన కొంతసేపటికే అక్కయ్య నిలిచిపోయినది. "తమ్ముడూ, నువ్వు చూసి రా. నేను సంచుల దగ్గర కూర్చుంటాను" అన్నది. నేను పోయి, చూచి, తిరిగివచ్చి, గడియారము చూచుకొని, ఆమెను రైలునకు నడిపించితిని. మరునాడు ఆమెకు జ్వరము వచ్చినది. కుమనో లేదు, నచి లేదు. తోబాలోని బసలో కిటికీనుండి సముద్రమును చూచుచు ఆ దినము గడిపితిమి.

2023లో నేను, నా భార్య మరల పోయితిమి. ఈ మారు మూడు దినములు పెట్టుకొని, ఊళ్లు తగ్గించుకొంటిమి. నేను చెప్పు వివరములు ఈ రెండవ యాత్రలో నేర్చినవి.

ఇసే-షిమా ఎచట ఉన్నది? జపానులోని హోన్షు అను పెద్ద ద్వీపమునకు నడుమ భాగమున, పసిఫిక్ సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన కీ ద్వీపకల్పమునకు తూర్పు కొనయే ఈ ప్రాంతము. మియె మండలములోనిది. యుద్ధానంతరము జపానులో మొట్టమొదట ఏర్పడిన జాతీయోద్యానవనము ఇదియే. 1946 నవంబరులో ప్రకటించిరి. ఇసే ఊరిలో మహాదేవాలయము, దానికి తూర్పున ఫుతమి తీరము, ఆ పిమ్మట తోబా రేవు, దక్షిణమున షిమా, అగో అఖాతము. 2016 మే నెలలో ఏడు దేశముల అధినేతల సమావేశము జరిగినది ఈ అఖాతములోని కషికోజిమ ద్వీపముననే.

ఇసే దేవాలయమనగా ఒక్క గుడి కాదు. పెద్దవి, చిన్నవి కలిపి 125 గుడులు. వానిలో ముఖ్యమైనవి రెండు. లోపలి గుడి యని యర్థము వచ్చు నైకూలో సూర్యదేవత యగు అమతెరసు వెలసియున్నది. బయటి గుడి యగు గెకూలో తోయోఉకే అను అన్నదేవత యున్నది. ఈ రెండు గుడులకు నడుమ సుమారు 5 కిలోమీటర్ల దూరము కలదు. సూర్యదేవతకు నివేదనము సమకూర్చుటకే అన్నదేవతను ఇచటికి రప్పించిరని వారి ఐతిహ్యము. గెకూలో ప్రతిదినము ఉదయము, సాయంకాలము నైవేద్యము పెట్టుదురు. కొయ్యను కొయ్యతో మథించి నిప్పు పుట్టించి వండుదురు. ఈ కైంకర్యము 1500 సంవత్సరములుగ జరుగుచున్నదని అచటివారు చెప్పుదురు.

ఆ నైవేద్యమునకు కావలసిన పదార్థములు ఎచటినుండి వచ్చునో గమనించుడు. బియ్యము దేవాలయపు సొంత మడులలో పండును. ఉప్పు ఫుతమి తీరమున సముద్రజలమునుండి తీసి, త్రికోణాకారపు మట్టి మూసలలో పోసి కాల్చి గట్టిపరతురు. అవాబి అను పెద్ద గుల్లను తోబా దగ్గరి కుజకి గ్రామమువారు సముద్రమునుండి తెచ్చి, ఎండబెట్టి, సంవత్సరమునకు మూడు పర్వములకు సమర్పించుచున్నారు. కాబట్టి ఫుతమి, ఇసే, తోబా అనునవి మూడు వేర్వేరు చూడదగిన స్థలములు గావు. ఉప్పు, బియ్యము, గుల్ల ఒకే పళ్లెరమునకు చేరినట్లు ఇవి ఒకే యాత్రలోని భాగములు. నేను మొదటి మారు దీని నెరుగక, పట్టికలోని పేర్లను కొట్టివేయుచు పరుగెత్తితిని.

పూర్వపు జపాను యాత్రికులు ఈ ప్రయాణమును ఎట్లు చేసెడివారో చెప్పెదను. రెండు మూడు శతాబ్దముల క్రిందట, సామాన్య రైతునకు దూరప్రయాణము చేయుటకు ధనము లేదు. అందుచేత ఒక ఊరివారు కలిసి కో అను సంఘముగ ఏర్పడి, ఏటేట తలా కొంత సొమ్ము వేసి, చీట్లు వేసి, చీటి వచ్చినవానిని అందరి పక్షమున ఇసేకు పంపెడివారు. మన చిట్టీల పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే బోధపడును. పోయినవాడు తిరిగి వచ్చునపుడు ఊరివారందరికి దేవాలయపు రక్షాపత్రములను తెచ్చి పంచెడివాడు. ముసలితనముచేతనో రోగముచేతనో పోలేనివారు తమ కుక్క మెడలో డబ్బుల సంచి కట్టి, దారిన పోవు యాత్రికులతో పంపిన సందర్భములు కూడ కలవు. దారిలోనివారు ఆ కుక్కకు తిండి పెట్టి, దారి చూపి, ఇసేకు చేర్చెడివారట. 1830వ సంవత్సరమున కొలదినెలలలో లక్షోపలక్షల జనము ఇసేకు తరలివచ్చినట్లు చరిత్ర చెప్పుచున్నది.

ఆ యాత్రికులు ముందుగ ఫుతమి సముద్రతీరమున స్నానము చేసి శుద్ధి పొందెడివారు. పిమ్మట గెకూ, ఆ పిమ్మట నైకూ దర్శించెడివారు. మనమును ఆ క్రమమునే అనుసరించుట మంచిది. దానివలన మర్యాద నిలుచును, కాళ్లకును సుఖము. మొదట చదునైన చిన్న నడక, పిదప కొంచెము పెద్ద నడక, చివరకు సముద్రపుటొడ్డున విశ్రాంతి. పూర్వులు కాలినడకతో కనిపెట్టిన క్రమము మోకాళ్ల నొప్పి కలవారికి సరిగా సరిపోవుచున్నది.

ఇక మూడు దినముల ఏర్పాటు.

మొదటి దినము. ఒసాకానుండి కింతెత్సు కంపెనీవారి ఎక్స్‌ప్రెస్ రైలులో ఇసేకు సుమారు గంటా ముప్పావు. నగోయానుండి సుమారు గంటా ఇరువది నిమిషములు. క్యోతోనుండి రెండు గంటలు. ఉదయమున బయలుదేరినచో పది, పదకొండు గంటలకు ఇసేషి స్టేషనులో ఉందురు. పెట్టెలను బసకు పంపుడు, లేదా స్టేషనులోని బీరువాలలో నాణెములు వేసి పెట్టుడు. సంచులు మోసికొని గుడికి పోరాదు. మా అక్కయ్య సంచులకు కాపలా కూర్చుండవలసి వచ్చిన కారణము నా బుద్ధిహీనతయే. బీరువాలు స్టేషనులో ఉండనే ఉన్నవి.

ఇసేషినుండి ఫుతమినొఉరా స్టేషను పది నిమిషముల లోపు రైలు ప్రయాణము. అచటినుండి తీరము వెంబడి పావుగంట నడక. సముద్రములో రెండు శిలలు నిలిచియున్నవి. పెద్దది 9 మీటర్లు, చిన్నది 4 మీటర్లు. వానికి దంపతి శిలలని పేరు. లావైన గడ్డిత్రాళ్లతో రెంటిని కలిపి కట్టియుందురు. ఆ త్రాళ్లను సంవత్సరమునకు మూడు మారులు, మే, సెప్టెంబరు, డిసెంబరు నెలలలో మార్చుదురు. మే మొదలు జూలై వరకు సూర్యుడు ఈ రెండు శిలల నడుమనుండి ఉదయించును. ఆకాశము నిర్మలముగనున్న వేళ, దూరమున ఫుజి పర్వతము కనబడుటయు కలదు. ఆ గుడిలో ఎటు చూచినను కప్ప బొమ్మలే. జపాను భాషలో కప్పకును, తిరిగివచ్చుటకును ఒకటే పలుకు, కయెరు. ప్రయాణము చేయువారు క్షేమముగ తిరిగిరావలెనని కప్పను మ్రొక్కుబడిగ సమర్పించుదురు.

మధ్యాహ్నము గెకూ. ఇసేషి స్టేషనునుండి నడచియే పోవచ్చును. గెకూలో దారికి ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడచుట ఆచారము. ద్వారమున చేతులు, నోరు కడిగికొని లోపలికి పోవలెను. సన్నిధిని రెండు మారులు వంగి, రెండు మారులు చేతులు చరచి, మరల ఒకమారు వంగి నమస్కరించుదురు. తిరిగి వచ్చునపుడు అలసట లేనిచో కొలను పక్కనున్న సెంగుకాన్ అను వస్తుప్రదర్శనశాలను చూడుడు. గర్భాలయములోనికి ఎవరికిని ప్రవేశము లేదు గనుక, గెకూ ప్రధానమందిరములో కొంత భాగమును నిజమైన పరిమాణముననే కట్టి ఇచట చూపుచున్నారు. వర్షము వచ్చినను ఇది మంచి ఆశ్రయము. ఆ రాత్రి ఇసేలోనే బస.

రెండవ దినము. నైకూ ఉదయము 5 గంటలకే తెరతురు. ఆరు, ఏడు గంటలకు పోయినవారికి జనసమ్మర్దము ఉండదు, ఎండ ఉండదు. గెకూ దగ్గరనుండి నైకూకు బస్సు కలదు. పావుగంట, ఇరువది నిమిషములు పట్టును. ముందు ఉజి వంతెన. 100 మీటర్లకు కొంచెము మించిన పొడవు గల కొయ్య వంతెన అది. క్రింద ఇసుజు నది. వంతెన దాటి కుడి వైపునకు తిరిగి కొంత దూరము పోయినచో నది ఒడ్డునకు రాళ్లు పరచిన మెట్లు కలవు. అచట వంగి నీటితో చేతులు కడుగుకొందురు. నీరు తేటగ, చల్లగ నుండును.

మనవారికి ముందుగ చెప్పవలసిన మాట ఒకటి కలదు. మన గుడులలోవలె అచట మూర్తి దర్శనము లేదు, హారతి లేదు, తీర్థప్రసాదములు లేవు. రాతిమెట్లెక్కి పోయినచో ఎదుట ద్వారమున ఒక తెల్లని తెర వ్రేలాడుచుండును. దాని వెనుక ప్రాకారములు, ఆ ప్రాకారముల వెనుక మందిరము. గడ్డికప్పు కొనలు మాత్రము కొంచెము కనబడును. తెర ముందు నిలిచి నమస్కరించి వెనుకకు రావలెను. ఆ మెట్లు దాటి పైన ఫోటోలు తీయరాదు. ఎంతో దూరమునుండి వచ్చితిమి, ఏమియు కనబడలేదే యని నేను మొదటి మారు నిరాశ పడితిని. రెండవ మారు తొందర లేక నిలుచుటచే, గాలికి ఆ తెర కదలుటను చూచితిని. నా చుట్టునున్న జపానువారు ఆ కదలికకే తలలు వంచిరి.

ఈ మందిరములు ఎంత ప్రాచీనములు అని మీరడుగుదురు. జవాబు విచిత్రమైనది. నైకూ 2000 సంవత్సరముల నాటిదని చెప్పుదురు; కాని నేడు మీరు చూచు మందిరము 2013లో కట్టినది. 20 సంవత్సరములకు ఒకమారు, పక్కనున్న ఖాళీ స్థలమున సరిగా అటువంటిదే క్రొత్త మందిరమును కట్టి, దేవతను రాత్రివేళ ఊరేగింపుగ అందులోనికి వేంచేపు చేసి, పాతదానిని విప్పివేయుదురు. ఈ ఆచారము 690వ సంవత్సరమున జితో మహారాణి కాలమున మొదలైనది. 2013లో జరిగినది 62వది. 63వది 2033లో జరుగును. దానికి సంబంధించిన పూజలు 2025లోనే మొదలైనవి. హినోకి అను సుగంధపు కలప సుమారు పదివేల మ్రాకులు కావలెను. మందిరము మాత్రమే కాదు. లోపలి వస్త్రములు, ఆయుధములు, అలంకారములు 714 రకములవి 1576 వస్తువులు క్రొత్తగ చేయుదురు. ఇరువది యేండ్లలో ఒక వడ్రంగి నేర్చికొనువాడుగ ఒకమారు, నేర్పువాడుగ ఒకమారు ఈ పనిలో పాల్గొనగలడు. అందుచేత కట్టడము పాతబడకున్నను పనితనము పాతదిగ నిలిచియున్నది.

ఈ వరుస ఎన్నడును తెగలేదని చెప్పుటకు వీలులేదు. 15, 16 శతాబ్దముల అంతర్యుద్ధకాలమున నూరు సంవత్సరములకు పైగా ఇది ఆగిపోయినది. అప్పుడు కేకోఇన్ అను ఆశ్రమమునకు చెందిన బౌద్ధ సన్న్యాసినులు ఊరూర తిరిగి చందాలు పోగుచేసి, 1563లో గెకూను, 1585లో నైకూను మరల కట్టించుటకు కారకులైరి. విప్పిన పాత కలపను పారవేయరు. ప్రధానమందిరపు పెద్ద స్తంభములు ఉజి వంతెనకు రెండు కొనల తోరణములగును. ఇరువది యేండ్లు అచట నిలిచిన పిమ్మట వేరు ఊళ్ల తోరణములగును. కలప కొరతను తలచి 1923లోనే, రెండు వందల యేండ్లకు సరిపడు ఆలోచనతో దేవాలయపు సొంత అడవిలో హినోకి నాటుటకు పూనుకొనిరి. 2013 నాటి కట్టడమునకు కొంత కలప ఆ అడవినుండియే వచ్చినది. నాటినవారిలో ఎవరును ఆ చెట్లు పెద్దవగుట చూడలేదు.

నైకూ చూచుటకు తొందరపడక గంటన్నర పెట్టుకొనుడు. నడవలేనివారికి దేవాలయమువారు చక్రపు కుర్చీలు ఇత్తురు. వంతెన దగ్గర అడుగవలెను. చివరి మెట్లు ఎక్కలేనివారు క్రిందనుండియే నమస్కరించవచ్చును. బయటికి వచ్చినచో ఒహరాయిమచి అను పాత వీధి, సుమారు 800 మీటర్ల పొడవు, కొయ్య యిండ్లతో నుండును. 1707లో స్థాపించిన అకఫుకు అంగడిలో బియ్యపుపిండి ముద్దలమీద తీపి కందిపప్పువంటి ఎర్ర చిక్కుడు పూర్ణమును పరచి యిత్తురు. మన పూర్ణపు రుచి మరిగినవారికి అది పరాయిదిగ తోచదు. మధ్యాహ్నము విశ్రాంతి. సాయంకాలపు రైలులో తోబా చేరుడు. ఇరువది నిమిషముల లోపు ప్రయాణము. రెండవ దినమున ఇంతకంటె ఏమియు పెట్టుకొనరాదు.

మూడవ దినము సముద్రమునకు. తోబా స్టేషనునకు దగ్గరలోనే ముత్యముల ద్వీపము కలదు. తోబాలో నూడుల్సు అమ్ము కుటుంబమున 1858లో పుట్టిన మికిమోతో కోకిచి, అనేక పర్యాయములు నష్టపడి, 1893 జూలై 11న ఈ ద్వీపముననే పెంచిన చిప్పలలో అర్ధగోళాకారపు ముత్యములను చూడగలిగెను. ముత్యపు చిప్పలోనికి చిన్న గుండును చొప్పించి, దానిచుట్టు చిప్ప తనంతట తాను పొరలు పోసికొనునట్లు చేయుటయే ఆ విద్య. దానితో ముత్యము రాజులకే గాక సామాన్యులకును అందినది. పర్షియా సింధుశాఖలో మునిగి ముత్యములు తీయువారి జీవనము దెబ్బతినుటకు ఇదియు ఒక కారణము. మన దేశమున తూత్తుకుడి పరిశోధకులు 1973లో ఈ విద్యను సాధించిరి. తమిళనాట స్థిరపడిన మనవారికి ఆ తీరము తెలిసినదే. హైదరాబాదులో చార్మినారు దగ్గర ముత్యములు కొని యెరిగిన స్త్రీలు ఈ ద్వీపమున చాల సంగతులు గుర్తుపట్టగలరు.

ముత్యములకంటె నన్ను ఆకర్షించినది అమా అను స్త్రీలు. వీరు గాలిగొట్టములు లేకుండ, ఒక్క ఊపిరితో సముద్రములో మునిగి అవాబి గుల్లలను, ఇతర గుల్లలను తీయుదురు. ఒక్కొక్క మునక ఒక నిమిషమునకు లోపు. పైకి వచ్చినపుడు బిగబట్టిన ఊపిరిని ఈలవలె వదలుదురు. ఆ ధ్వని తీరమువరకు వినబడును. తలగుడ్డ మీద రెండు గుర్తులు కుట్టుకొందురు: ఒకటి నక్షత్రము, ఒకటి జల్లెడ గీతలు. నక్షత్రమును చేయి యెత్తకుండ ఒక్క గీతగ గీచినచో బయలుదేరిన చోటికే వచ్చును. అట్లే తామును నీటిలోనికి పోయి క్షేమముగ పైకి రావలెనని భావము. 10.6 సెంటీమీటర్లకు మించని అవాబిని తీయరాదని ఈ మండలమున నియమము. వారి చేతిలో కొలబద్ద ఉండును. చాలని దానిని మరల సముద్రములోనే విడుతురు. 2017లో ప్రభుత్వము వీరి విద్యను ముఖ్యమైన జానపద సంపదగ గుర్తించినది. కాని అమాల సంఖ్య తగ్గుచున్నది. ఉన్నవారిలో వృద్ధులే ఎక్కువ. తోబానుండి బస్సులో ఒసత్సు గ్రామమునకు పోయినచో వారి గుడిసెలలో నిప్పు చుట్టు కూర్చుండి వారితో మాటలాడవచ్చును, ముందుగ చెప్పియుంచవలెను. శాకాహారులు ఆ సంగతియు ముందే చెప్పుట మేలు, ఏలయన అచట పెట్టునది గుల్లలు, చేపలే.

ఒసత్సు దూరమనిపించినవారు రైలులో కషికోజిమకు పోయి, పడవలో అగో అఖాతమును చుట్టి రావచ్చును. సుమారు 60 చిన్న ద్వీపములు, వాని నడుమ ముత్యపు చిప్పలు వ్రేలాడదీసిన తెప్పలు. కూర్చుండియే చూడదగిన దృశ్యము. కాని ఒసత్సు, కషికోజిమ రెండును ఒకే దినమున వద్దు.

కుమనో, నచి, కోయా పర్వతముల సంగతి ఏమని అడుగుదురు. అవి గొప్ప క్షేత్రములే. 2004లో ప్రపంచ వారసత్వ స్థలములుగ ప్రకటించిరి. ఇసేనుండి కుమనోకు సుమారు 170 కిలోమీటర్ల పాత యాత్రామార్గము కూడ కలదు. అందుచేతనే వానిని ఇసేకు తోకగ తగిలింపరాదు. వేరు యాత్రగ పెట్టుకొనవలెను, లేనిచో విడిచిపెట్టవలెను.

ఇక కొన్ని చిల్లర సంగతులు. ఏప్రిలు మొదటి వారములు, మే నడిమి భాగము, అక్టోబరు, నవంబరు మంచి కాలములు. ఏప్రిలు చివరనుండి మే మొదటి వారమువరకు, ఆగస్టు నడుమ, నూతన సంవత్సర దినములలో వారికి సెలవులు. రైళ్లు, బసలు నిండిపోవును. జూన్ నుండి జూలై నడుమవరకు వర్షములు. ఆగస్టు, సెప్టెంబరులలో తుఫానులు. 1959 సెప్టెంబరు 26న ఇసే అఖాతమును ముంచిన తుఫానులో 5000 మందికి పైగా ప్రాణములు పోయినవి. 1996 నవంబరు తుఫానును చూచిన యానాం, కోనసీమ వారికి దీనిని నేను వివరించనక్కరలేదు. భూకంపములు కూడ కలుగు తీరమది. బసకు చేరగానే, ఉప్పెన వచ్చినచో ఎక్కవలసిన మెరక ఎచట నున్నదో అడిగి తెలిసికొనుడు. గోడలమీద గుర్తులు ఉండును.

శాకాహారులకు భోజనము కష్టమే. కూరగాయల పులుసులోను, ఇసే ఊరి లావు నూడుల్సు మీద పోయు నల్లని రసములోను ఎండుచేప కషాయము కలియును. చేప ముక్క కనబడనంత మాత్రమున శాకాహారమని భ్రమపడరాదు. మాంసము, చేప, గుడ్డు, చేప కషాయము వద్దని జపాను భాషలో వ్రాయించిన చీటిని పిల్లలచేత సిద్ధము చేయించుకొని, బసవారికి ముందే పంపుడు. ఉప్పులో ఊరిన పులుపు పండు పెట్టిన అన్నపు ముద్దలు అంగళ్లలో దొరకును. అటుకులు, పొడులు వెంట నుంచుకొనుడు. పండ్లు, కరివేపాకువంటి పచ్చి ఆకులు తీసికొనిపోరాదు, విమానాశ్రయముననే ఆపుదురు. చిన్న గుడులలో, బస్సులలో వాడుటకు నాణెములు ఉంచుకొనుడు. సులభముగ విడిచి తొడుగుకొనదగిన, గులకరాళ్లమీద జారని చెప్పులు లేక బూట్లు ఉండవలెను.

నా మాట ముగించెదను. 2023లో మేము తిరిగివచ్చిన పిమ్మట అక్కయ్యను చూడబోయితిని. ఆమె మోకాళ్లు ఇక దూరప్రయాణమునకు ఒప్పుకొనవు. ఆమెను మరల తీసికొనిపోవు భాగ్యము నాకు లేదు. నేను ముత్యములు, అమాలు, క్రొత్త మందిరము అన్నియు వర్ణించి చెప్పితిని. ఆమె అంతయు విని ఒక్కటే అడిగినది: "చేతులు కడుక్కునే ఆ ఏరు, నేను కూర్చున్న చోటికి ఎంత దూరం రా?"

"పది నిమిషాలు కూడా లేదక్కా" అంటిని.

"అయితే ఆ వేళ మెల్లగా నడిచేదాన్నే. నీకేమో రైలు తొందర" అన్నది. కోపముతో అనలేదు, ఉన్న మాట అన్నది.

సోదర సోదరీమణులారా, మీలో అనేకులు వృద్ధులైన తల్లిదండ్రులను, అక్కలను, అత్తగార్లను వెంటబెట్టుకొని పోవుదురు. వారికి ఈ ప్రయాణము బహుశః ఒక్క మారే. కాగితము తీసి ఊళ్ల పేర్లు వ్రాసికొనునపుడు, వ్రాసిన వానిలో ఒక పేరు కొట్టివేయుడు. దాని స్థానమున, నది ఒడ్డున ఒక గంట అని వ్రాయుడు. వివరములు కావలసినవారు సభానంతరము నన్ను కలిసికొనవచ్చును. రైళ్ల వేళలు వ్రాసికొన్న పుస్తకము నా వద్ద కలదు.